దిల్షాద్ బేసిను

ఇంగ్లీషు మాట చెవిన పడితే చాలు, ప్రమీలమ్మకి ఇప్పుడు ఒంటికి కారం రాసినట్టుంటుంది. మొదట్లో అలా లేదు. తోటపల్లి గూడూరు దగ్గర రొయ్యల షెడ్డులో ఐసు నీళ్లలో చేతులు పెట్టి రొయ్యలు ఒలిచే ఆడవాళ్లకి ఇంగ్లీషు నేర్పిస్తామని మేనేజరు గంగాధరం చెప్పినప్పుడు, ముందు వరసలో పోయి కూర్చున్నది ఆమే. సరుకు కొనే విదేశీవాళ్లు షెడ్డు చూడ్డానికి వస్తారట. వాళ్ల ముందు నాలుగు వ్యాపారపు మాటలు పలకాలట.

నెల్లూరు నుంచి కిషోర్ బాబు అనే అబ్బాయి వచ్చి బోర్డు మీద మాటలు రాసేవాడు. డిమాండ్, సప్లై, మార్కెట్, ప్రొడక్టివిటీ.

"ఆడెక్కడో పై దేశంలో రొయ్య తినడం తగ్గిస్తే మన చెరువు కాడ రేటు పడిపోతాదే, అదే గదా సారూ డిమాండ్ అంటే?" అని ప్రమీలమ్మ అందుకునేది.

"సూపర్ అమ్మా!" అనేవాడతను. ఆ పొగడ్తే కొంప ముంచింది.

ఒకరోజు 'ఇన్నోవేషన్' అని రాశాడు. కొత్త ఉపాయం అని అర్థం చెప్పి, "మీ పనిలో మీరు కనిపెట్టిన ఉపాయం ఏదైనా ఉందా?" అని అడిగాడు. ప్రమీలమ్మ నోట్లో నువ్వుగింజ నానితేగా!

"ఎందుకు లేదు సారూ? మాకు పిడికిలి వేసే ఆచారం ఉండాది. రొయ్య తల ముల్లు గుచ్చుకుంటే వేలు బూరెలాగా వాస్తాది. ఒలిచినదాన్ని తూకమేసి గదా కూలి ఇచ్చేది? వాచిన వేలితో ఏం ఒలుస్తాం? అందుకని వేలు తగ్గిందాకా తలా ఒక పిడికెడు ఆమె బేసిన్లో వేస్తాం. ఇప్పుడు మా దిల్షాద్‌కి వేస్తన్నాం. రేపు నాకు వేస్తారు."

పక్కనే కూర్చున్న దిల్షాద్ కట్టు కట్టిన వేలిని కొంగు కింద దాచుకుంది. కిషోర్ బాబు మాత్రం ఎగిరి గంతేసినంత పని చేశాడు. "ఇది ఇన్సూరెన్స్ అమ్మా! అసలు ఇన్నోవేషన్ అంటే ఇదే!" అన్నాడు. అంతటితో ఊరుకున్నాడా? తన క్లాసు గొప్ప చూపించుకోవడానికి పోయి గంగాధరం చెవిలో వేశాడు.

తర్వాతి వారం ప్రతి బేసినుకీ పేరు రాసిన కార్డు వచ్చింది. బేసిను తూకం పడగానే ఎవరెంత ఒలిచిందీ చూపించే టీవీ ఒకటి గోడకెక్కింది.

"ఇకనుంచి ఎవరి కష్టం వాళ్లదే" అన్నాడు గంగాధరం. "పక్కవాళ్ల కష్టం మీద బతికేవాళ్లని ఎకనామిక్స్‌లో ఫ్రీ రైడర్ అంటారు." అని దిల్షాద్ వైపు చెయ్యి చూపించాడు. "వేలు తగ్గినాక రామ్మా. అప్పటికి చోటుంటే చూద్దాం."

దిల్షాద్ మొగుడు షాహుల్‌కి పోర్టులో పని ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఆ ఇల్లు నడిచేది ఈ పిల్ల వేళ్ల మీదే. అందరి ముందూ ఆ మాట పడి, తల వంచుకుని వెళ్లిపోయింది. ప్రమీలమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది కదా! తిన్నగా పోయి కిషోర్ బాబుని నిలదీసింది.

"నేను మంచిగానే చెప్పానమ్మా, సారు ఇలా చేస్తారనుకోలేదు" అని నసిగాడు.

"మంచిగా చెప్పి ఒక ఆడకూతురి నోటికాడ కూడు తీసినావు గదబ్బాయ్! నీ మంచి మండిపోను!"

తిట్టింది గానీ మంట చల్లారలేదు. చెప్పింది తనే. ఆ సంగతి తలుచుకుంటే మరీ మండేది.

కొనేవాళ్లు వచ్చే రోజు రానే వచ్చింది. టీవీలో పేర్లు తీసేసే మనిషి ఇంకా రాలేదు, దిల్షాద్ బేసిను కార్డుతో సహా మూలనే పడి ఉంది. ప్రమీలమ్మ దాన్ని ఈడ్చుకొచ్చి బల్ల మధ్యలో పెట్టింది.

"పిడికిలి కాదు, దోసిళ్లతో వెయ్యండి" అంది.

"మరి మన కూలి పోదా అక్కా?" అంది పక్కన ఒలిచే కరుణాకుమారి.

"ఈ పూటకి పోతే పోనీ. రేపు నీ వేలు వాస్తే యాడికి పోతావ్?"

కరుణాకుమారి దోసిలి నిండా వేసింది. ఆమె వెనక అందరూ వేశారు. నిండిన బేసిను తూకానికి పోయింది.

వచ్చినవాళ్లిద్దరూ నేరుగా టీవీ ముందుకు పోయి నిలబడ్డారు. అన్నిటికంటే పైన దిల్షాద్ పేరు మెరుస్తోంది. వాళ్లేదో అడిగారు. వాళ్ల మాట తెలుగులో చెప్పడానికి నిలబడ్డ కిషోర్ బాబు, "ఈమెతో ఫొటో దిగాలంటున్నారు సార్" అన్నాడు.

గంగాధరం మొహం మాడిపోయింది. "సెలవులో ఉందని చెప్పు."

"సెలవేంది సార్?" ప్రమీలమ్మ గొంతు షెడ్డంతా మోగింది. "ఫ్రీ రైడర్ అని మీరే గదా తరిమినారు!" టీవీ వైపు వేలు చూపించి మళ్లీ అంది, "దిల్షాద్! ఫ్రీ రైడర్!"

ఆ రెండు ఇంగ్లీషు మాటలూ వచ్చినవాళ్లకి అర్థమయ్యాయి. పైనున్న పేరు చూశారు, గంగాధరాన్ని చూశారు.

"రేపటి నుంచి రమ్మను" అని గొణిగాడు గంగాధరం.

"రేపెందుకు? బండి పంపించండి, ఇప్పుడే."

కంపెనీ బండి పోయి దిల్షాద్‌ని తీసుకొచ్చింది. ఆ పిల్ల ఎందుకు పిలిచారో తెలియక బిత్తరపోతూ తన చోట కూర్చుంది. ఫొటోకి నవ్వమంటే ప్రమీలమ్మ నవ్వలేదు.

వాళ్లు వెళ్లాక కిషోర్ బాబు మెల్లగా దగ్గరికొచ్చాడు. "అమ్మా, ఇది చాలా గొప్ప ఉదాహరణ. ఇంకో ఊళ్లో క్లాసులో చెప్పుకోవచ్చా?"

ప్రమీలమ్మ చేతిలోని రొయ్య తలని, ముల్లు అతని వైపు తిరిగేలా పట్టుకుంది.

"ఇంకోతూరి నోరు తెరిచినావంటే ఇది నీ వేల్లో దిగుతాది. నీకు పిడికిలి వేసేవాళ్లు ఒక్కరూ ఉండరు, చూసుకో."