సకీనా ఇవ్వని రక్తం

ప్రొద్దుటూరులో మగ్గం నేసే నూరుల్లాకు నలభై దాటాక నడక తూలడం మొదలైంది. తాగొస్తున్నాడని వీధి తేల్చేసింది. తీర్పు చెప్పడానికి వీధికి ఏ పరీక్షలూ అక్కర్లేదు కదా.

డాక్టర్ ప్రసన్నకుమారి అంత తొందరపడే మనిషి కాదు. చిన్నమెదడు కుంచించుకుపోతోందని స్కానింగులో తెలిసింది. ఒక జన్యువులో చిన్న మార్పు కూడా దొరికింది. దొరికినంత మాత్రాన అదే దొంగ అనలేమంది ఆమె. చనిపోయిన తండ్రికీ ఇదే తూలుడు ఉండేది. అరవై నిండినా తిన్నగా నడిచే తోబుట్టువులో కూడా ఆ మార్పు ఉంటే అది నిర్దోషి కావచ్చు. లేకపోతే అనుమానం మరికాస్త బలపడుతుంది. నూరుల్లా కూతురు సుహానాకు ఏం చెప్పాలన్నది దాన్నిబట్టే ఉంది. నాన్న చేతిలో టీగ్లాసు వణికినప్పుడల్లా ఆ పిల్ల తన చేతులు చూసుకుంటోంది.

అందుకే పులివెందుల నుంచి నూరుల్లా అక్క, అరవై దాటిన సకీనాను పిలిపించారు. సొంత అక్కేనా అని డాక్టర్ అడిగితే, అదేం ప్రశ్న అన్నట్టు నూరుల్లా నవ్వాడు.

నూరుల్లా తల్లి పోయేముందు సకీనా ఒక్కదాని చెవిలోనే ఒక మాట వేసి పోయింది. సకీనా పొరుగింటి బిడ్డ. కన్నతల్లి కాన్పులోనే పోతే, అప్పుడే తన పసిబిడ్డను పోగొట్టుకున్న నూరుల్లా తల్లి పాలిచ్చి పెంచింది. పాలిచ్చినామె తల్లే, ఆమె పిల్లలు తోబుట్టువులే అన్నది వాళ్ల ధర్మం. సూదికి మాత్రం ఆ ధర్మం తెలియదు.

నోరు మూసుకుని చెయ్యి చాపితే ఎవరికీ తెలిసేది కాదు. ఆమె రక్తంలో ఆ మార్పు ఎలాగూ ఉండదు. కానీ ఆ లేకపోవడమే సుహానా విషయంలో దొంగసాక్ష్యమవుతుంది. పోనీ చెప్పేద్దామా అంటే, ఇల్లు మునిగే వేళ నేను మీ మనిషిని కానని గట్టెక్కినట్టుంటుంది. అంతకన్నా పెద్ద సిగ్గు ఇంకొకటుంది. జబ్బు వంశంలో దిగుతుందని విన్నరోజే, తన కొడుకులకు రాదులే అని ఆమె మనసు సంతోషపడింది. తమ్ముడు గోడ పట్టుకుని నడుస్తుంటే సంతోషపడింది. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా తన మీద తనకే అసహ్యం వేసేది.

నర్సు ఆమె చేతికి రబ్బరు పట్టీ కట్టింది. సకీనా దాన్ని విప్పేసింది.

"నా రక్తం ఈ లెక్కకు పనికిరాదు మేడమ్. నేను ఆ తల్లి కడుపున పుట్టల్యా. ఆమె పాలు తాగి పెరిగినా."

డాక్టర్ సూది పక్కన పెట్టమని నర్సుకు సైగ చేసింది. చెప్పి మంచిపని చేశావమ్మా, లేకపోతే ఆ పిల్లకు తప్పు చెప్పేవాళ్లం అంది. జమ్మలమడుగులో నూరుల్లా తండ్రి సొంత తమ్ముడు పీర్ సాహెబ్ ఎనభై ఏళ్లకూ కర్ర లేకుండా నడుస్తాడట కదా, ఆయన్ని అడుగుదాం అని కూడా అంది. సకీనా చెవికి అవేవీ ఎక్కలేదు. ఆమె తమ్ముడి ముఖం వైపే చూస్తోంది.

నూరుల్లా మాట ఈ మధ్య ముద్దముద్దగా వస్తోంది. కూడదీసుకుని అడిగాడు.

"అంటే నీ పిల్లోళ్లకు ఇది రాదు గదా ఆపా?"

"రాదప్పా."

అల్లా దయ అంటూ అతను కుర్చీలో వెనక్కి వాలాడు. ఇన్నాళ్లూ సిగ్గుతో తను దాచుకున్న సంతోషాన్నే తమ్ముడు అందరి ముందూ బయటపెడుతుంటే, సకీనా కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది.