వీపు మీద బురద

డ్రయ్యర్ తలుపు తెరవగానే వేడిగాలి మొహానికి కొట్టింది. వెర్నా జురిక్ వంగి, ముదురు పసుపు చొక్కాలను రెండు చేతులా బుట్టలోకి లాగి బల్ల మీద కుప్ప పోసింది. శనివారం పొద్దున్న ఏడు గంటలు. ఒంటిగంటకు ఆట. ఈలోగా నలభై నాలుగు చొక్కాలు నంబర్ల వరుసలో కొక్కేలకు ఎక్కాలి.

అరవై ఆరేళ్ళ మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. సబ్బునీళ్ళకు వేళ్ళ కణుపులు అల్లం కొమ్ముల్లా ఉబ్బిపోయాయి. క్లేపూల్ హైస్కూల్‌లో బంతిని చేత్తో విసిరి ఆడే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు ఇరవై ఎనిమిదేళ్ళుగా బట్టలు ఉతుకుతోంది. ఇవాళ్టితో ఆ పని అయిపోతుంది. సోమవారం నుంచి బట్టలు పట్టుకుపోవడానికి పట్నం నుంచి లాండ్రీ వ్యాను వస్తుందట.

ఆవిడ గుండె దడదడలాడుతున్నది అందుకు కాదు. గురువారం సాయంత్రం ఆవిడ నోరు విప్పింది. ఇన్నేళ్ళలో ఏ కోచ్‌కూ ఆట గురించి ఒక్క మాట చెప్పని మనిషి, మడతపెట్టిన తువ్వాళ్ళు కోచ్ డీన్ పలాడినో చేతిలో పెడుతూ అనేసింది. "శనివారం హోల్డెన్ వాళ్ళ మీద ట్రెంట్‌ను దింపకు. వెస్‌ను దింపు." కోచ్ అప్పుడు నవ్వాడు. కానీ నిన్న సాయంత్రం గోడకు అంటించిన జాబితాలో క్వార్టర్‌బ్యాక్, అంటే జట్టుకు బంతి విసిరేవాడు, అన్నచోట వెస్ పేరు, వెస్లీ డోబ్స్ అని, ఉంది.

బంతి చేతికందాక క్వార్టర్‌బ్యాక్‌కు దక్కేది రెండున్నర సెకన్లు. అంతలోనే ఎదుటి జట్టులోంచి ఎద్దుల్లాంటి వాళ్ళు నలుగురు మీదికి దూసుకొస్తారు. ఆ కాస్త వ్యవధిలో వాడు ఏం చేస్తాడన్నదే అసలు పరీక్ష. మిగతాదంతా తండ్రులు మురిసిపోవడానికి.

ట్రెంట్ హాఫ్నర్‌ది చక్కని చెయ్యి. పన్నెండో నంబరు చొక్కా, ఆరడుగుల పైన మూడంగుళాల ఎత్తు. వాడు బంతి విసిరితే కొంగ ఎగిరినట్టు నిదానంగా వెళ్ళి అనుకున్న చేతుల్లోనే వాలేది. తమ జట్టులోకి తీసుకోవాలని కాలేజీల వాళ్ళు స్టాప్‌వాచీలు పట్టుకుని వచ్చి చూసి వెళ్ళారు. వెర్నా దగ్గర స్టాప్‌వాచీ లేదు, ఆవిడ చూసేది చొక్కాల మీది మరకలు. మీద పడుతున్నా నిలబడి విసిరినవాడు వెల్లకిలా పడతాడు, వాడి బురదంతా వీపు మీదే. దెబ్బ తగలక ముందే ముడుచుకుపోయేవాడికి బురద పొట్ట మీద. ఆమె చూసినంతలో ఈ లెక్క ఎన్నడూ తప్పలేదు. ట్రెంట్ చొక్కాకు బురద ఎప్పుడూ పొట్ట మీదే.

క్వార్టర్‌బ్యాక్‌కు దెబ్బ తగలకూడదని సాధనలో వాళ్ళకు ఎర్రచొక్కా తొడుగుతారు. ఎర్రచొక్కాను ఎవరూ తాకరాదు. వెస్‌కూ ఒకటుంది. కానీ మంగళవారాలు అవతలి జట్టు క్వార్టర్‌బ్యాక్‌లా నటించి మనవాళ్ళకు ఆట నేర్పే పని వాడిదే. ఆ రోజుల్లో వాడు ఎర్రచొక్కా విప్పేసి మామూలు తెల్లచొక్కా వేసుకుంటాడు. మనవాళ్ళే వాడిని కుమ్మి పారేస్తారు. మూడేళ్ళుగా ఆ తెల్లచొక్కా వీపు నల్లగా వస్తోంది. పొట్ట మీద చుక్క లేదు. ఆ సంగతి ఊళ్ళో ఉతికే ఆవిడ ఒక్కతెకే తెలుసు.

తలుపు తోసుకుని కోచ్ వచ్చాడు. గడ్డం గీసుకోలేదు.

"రాత్రంతా నిద్ర లేదు, మిసెస్ జురిక్."

"నాకు మాత్రం నిద్ర పట్టిందనుకున్నావా?"

"ట్రెంట్ వాళ్ళ నాన్న తెల్లారకుండానే ఫోన్ చేశాడండీ. బట్టలుతికే ఆవిడ చెబితే మార్చానని తెలిస్తే నన్ను ఊళ్ళోంచి తరిమేస్తారు."

"నా పేరెందుకు? దేవుడు కలలోకొచ్చి చెప్పాడని చెప్పు."

"నవ్వులాట కాదు. వెస్ ఇంతవరకూ ఒక్క ఆటైనా ఆడలేదు. మీకంత నమ్మకమేమిటండీ?"

వెర్నా చొక్కా దులిపి కొక్కేనికి తగిలించింది. "డీన్, నువ్వు ఆడిన రోజుల్లో నీ చొక్కా కూడా నేనే ఉతికాను. పంతొమ్మిదో నంబరు. పొట్ట మీది బురద మూడు ఉతుకులు ఉతికినా వదిలేది కాదు. వీపు మాత్రం పెళ్ళికొడుకు చొక్కాలా ఉండేది."

కోచ్ చెవులు ఎర్రబడ్డాయి. "అప్పుడు మనవాళ్ళు సరిగ్గా అడ్డుకునేవాళ్ళు కాదండీ..."

"అవునవును. వాన తప్పు, బంతి తప్పు, రిఫరీ తప్పు."

అతను నవ్వలేక నవ్వి బల్లకు ఆనుకున్నాడు. "సోమవారం కాలేజీ వాళ్ళు ట్రెంట్ కోసం ఫోన్ చేస్తారు. ఏం చెప్పను?"

"ఉన్నది చెప్పు. మీద పడేసరికి వంగిపోతాడని చెప్పు."

అతను వెళ్ళాక ఆ మాట గదిలోనే ఉండిపోయినట్టు అనిపించింది ఆవిడకు. పదిహేడేళ్ళ కుర్రాడి సంగతి అంత తేలిగ్గా తేల్చేశానా? భర్త పాల్ ఊపిరితిత్తులు చెడి మంచాన పడ్డ పదకొండు నెలలు గుర్తొచ్చాయి. ఆ రోజుల్లో తాను నిలబడిందో, వంగిందో చూసినవాడు పైవాడొక్కడే. కొన్ని రాత్రులు వంగింది కూడా. ఆ పైవాడు కూడా మరక చూసే తీర్పు చెబుతాడా? జేబులోని జపమాలను ఒకసారి తడిమి, మళ్ళీ పనిలో పడింది.

పదకొండింటికి వాన మొదలైంది. ఒంటిగంటకల్లా మైదానం మడిచెక్కలా తయారైంది. అయినా నాలుగువేల మంది వచ్చారు. మిల్లు మూతపడ్డాక ఆ ఊళ్ళో అంత మంది ఒక్కచోట చేరేది ఈ ఒక్క ఆటకే. బట్టల గది తలుపు మైదానం మూలకు తెరుచుకుంటుంది. అక్కడ రేకు చూరు కింద వెర్నా నిలబడింది. పక్కన గడ్డి చూసుకునే ఎమిల్, నోట్లో ఆరిపోయిన చుట్ట.

మొదటి బంతికే హోల్డెన్ వాళ్ళు వెస్‌ను పడగొట్టారు. రెండోదానికీ అంతే. మూడోది విసిరాడు గానీ తడి బంతి జారి ఎవరికీ అందకుండా పోయింది. జనం కూర్చున్న మెట్ల మీంచి "ట్రెంట్! ట్రెంట్!" అని కేకలు మొదలయ్యాయి.

"నీ వాడు నేల కొలుస్తున్నాడే వెర్నా!" అన్నాడు ఎమిల్.

"కొలవనీ. ఏ వైపుతో కొలుస్తున్నాడో చూడు."

సగం ఆటకు సున్నా-పది. కోచ్ తలెత్తి ఈ మూలకు ఒక చూపు చూశాడు. వెర్నా చెయ్యి జేబులోని జపమాల మీదికి పోయింది. వెస్ ఎముకేదైనా విరిగితే? నాలుగువేల మంది ముందు వాడిని నిలబెట్టింది తన మాటే. "మరియమ్మ తల్లీ, గెలిపించమని అడగను. వాడిని లేపి నిలబెట్టు చాలు," అంది. అన్న తర్వాత గెలిపించమని కూడా అడిగింది.

రెండో సగంలో వెస్ విసుర్లు అందడం మొదలైంది. వాడు బంతిని పొడుగ్గా విసరడు. దగ్గరగా, గట్టిగా, గోడకు మేకు కొట్టినట్టు విసురుతాడు. పడ్డాడు, లేచాడు, విసిరాడు, మళ్ళీ పడ్డాడు. ఏడు-పది అయింది. ట్రెంట్ పేరు పిలిచేవాళ్ళు మెల్లగా నోళ్ళు మూసుకున్నారు. ఊరంతటితో పాటు వెర్నా కూడా వెస్ ఏడో నంబరు చొక్కా మీంచి కన్ను తిప్పలేదు.

ఇరవై సెకన్లు మిగిలాయి. గెలుపు గీతకు ఇంకా ఇరవై గజాల దూరం. ఇదొక్కటే అవకాశం, పోతే ఆట పోయినట్టే. బంతి వెస్ చేతికొచ్చింది. ఎడమ పక్క మనవాడు కాలు జారి బోర్లా పడ్డాడు, ఆ సందులోంచి హోల్డెన్ వాడొకడు లారీలా వచ్చేశాడు.

"చూశాడే! వాణ్ణి చూశాడు!" ఎమిల్ ఆవిడ భుజం పట్టి కుదిపాడు.

చూశాడు. చూసి కూడా కదల్లేదు. ఒక అడుగు ముందుకు వేసి, మోచెయ్యి ఎత్తి విసిరాడు. మరుక్షణం వాడి కాళ్ళు రెండూ గాల్లోకి లేచి, వెల్లకిలా బురదలో పడి, బరువు కింద కనబడకుండా పోయాడు. బంతి వానలోకి వెళ్ళిపోయింది. తర్వాత మెట్లు కూలిపోయాయేమో అన్నంత కేక.

ఎమిల్ చుట్ట ఎక్కడో పడిపోయింది. ఇద్దరు ముసలివాళ్ళూ ఒకర్నొకరు పట్టుకుని గెంతారు. వెస్ ఇంకా వీపు మీదే ఉండి, వాన కళ్ళల్లో పడుతుంటే, మీద పడ్డ హోల్డెన్ వాణ్ణే అడుగుతున్నాడు. "ఏమైంది? ఏమైందిరా?"

"పట్టేశాడ్రా మీవాడు," అని వాడు చెయ్యిచ్చి లేపాడు.

నాలుగున్నరకు ఎమిల్ తడిబట్టల బండి తోసుకొచ్చాడు. కుర్రాళ్ళు అరుపులతో, పాటలతో బస్సెక్కి పిజ్జా తినడానికి పోయారు. వెర్నా ముందు ఏడో నంబరు వెతికి తీసింది. మెడ నుంచి నడుము దాకా వీపంతా నల్లని బురద పేరుకుంది, పొట్ట వైపు పసుపు పసుపుగానే ఉంది. ఒక్కతే నవ్వుకుంది. ఇరవై ఎనిమిదేళ్ళ చదువు తప్పలేదు.

ఆ తర్వాత చేతికొచ్చింది పన్నెండో నంబరు. పొట్టంతా గోధుమరంగు బురద, దళసరిగా, లోపలి దాకా ఇంకిపోయి. వెర్నా మొహం చిట్లించింది.

"వీడు మైదానంలో దిగనేలేదు కదా, ఎమిల్. పొట్ట మీద బురదెక్కడిది? అలిగి బోర్లా పడుకున్నాడా ఏమిటి?"

"అదా? బంతులు తుడిచాడు."

"ఏ బంతులు?"

"వెస్ విసిరే బంతులే. పొడి బంతి అందకపోతే జారిపోతోందిగా. సగం ఆటయ్యేసరికి తువ్వాళ్ళన్నీ నానిపోయాయి. అప్పట్నుంచీ ఒక్కో బంతినీ చొక్కాకేసి రుద్దడం, లోపలికి పంపడం. ఆఖరి బంతి కూడా వాడిచ్చిందే. నువ్వు చూళ్ళేదూ?"

"లేదు," అంది వెర్నా. "చూళ్ళేదు."

ఎమిల్ వెళ్ళిపోయాక ఆవిడ ఆ చొక్కాను బల్ల మీద పరిచింది. కాలేజీ వాళ్ళు ఏ సంగతీ తేల్చకముందే ట్రెంట్‌ను పక్కన కూర్చోబెట్టారు. తన పేరు పెట్టి అరిచిన జనం ఆ అరుపు మానేయడం కూడా వాడు విన్నాడు. అక్కడే, మైదానం అంచున, తన చోటు తీసుకున్నవాడికి బంతి జారకుండా మిగతా సగం ఆటంతా తన పొట్టకేసి తుడిచాడు. దానికి ఏ స్టాప్‌వాచీ ఉంది? వంగిపోతాడని చెప్పమన్నది తానే. ఒట్టి బురదనే చదివింది గానీ, పిల్లవాణ్ణి చదవలేదు.

నలభై మూడు చొక్కాలు మిషన్లో వేసింది. అవి తిరిగాయి, ఆరాయి, కొక్కేలకెక్కాయి. బల్ల తుడిచింది. పన్నెండో నంబరు తీసుకుని కోచ్ గదికి నడిచింది. గదిలో ఎవరూ లేరు, పట్నం టీవీవాళ్ళు వదిలేసిన కాఫీ కప్పులు మాత్రం ఉన్నాయి. చొక్కాను అతని కుర్చీకి తొడిగి, పొట్ట వైపు తలుపుకు ఎదురుగా ఉండేలా సర్ది, భుజాల దగ్గర ముడతలు అరచేత్తో చదును చేసింది. ఒక చీటీ రాద్దామని పెన్ను తీసింది, మళ్ళీ పెట్టేసింది. తాళంచెవి మేకుకు తగిలించి, కోటు వేసుకుని, వానలోకి వెళ్ళిపోయింది.

సోమవారం పొద్దున్న లాండ్రీ వ్యాను వాళ్ళు వచ్చి ఖాళీగా ఉన్న బట్టల బండిని తోసుకుపోయారు. కోచ్ గదిలో కాలేజీ వాళ్ళ ఫోను మోగుతుంటే, అతను కుర్చీలో కూర్చోకుండా నిలబడే తీశాడు. కుర్చీకి తొడిగిన పసుపు చొక్కా మీద బురద ఎండి, పొట్ట దగ్గర సన్నగా నెర్రెలిచ్చి ఉంది.