కింది పొయ్యి, పై బాణలి

దొమితిలాకు కోపం వస్తే మాట మానేస్తుంది. ఆమె చెల్లెలు నెలిదాకు కోపం వస్తే మర్యాద ఎక్కువవుతుంది. ఈ రెండు జబ్బులూ ఒకే ఇంట్లో, పై వాటాలో ఒకటి, కింది వాటాలో ఒకటి కాపురం పెడితే మధ్యనున్నవాడి పాట్లు ఎలా ఉంటాయో సెనోన్‌నే అడగాలి. సెనోన్ దొమితిలా మొగుడు. పెరూ దేశపు రేవు పట్నం కయావోలో, రేవు వీధిలో సెలూన్ నడుపుతాడు. పగలంతా గడ్డాలు గీయించుకునేవాళ్ళ కబుర్లు విని విని, ఇంటికొచ్చాక నోరు విప్పే ఓపిక లేని మనిషి. అలాంటివాడికి ఇప్పుడు మెట్లెక్కుతూ దిగుతూ రాయబారాలు మోసే పని పడింది. "నీళ్ళ ట్యాంకు పొంగిపోతోందని మీ ఆవిడగారికి మనవి చేయండి బావగారూ," అని కింద నుంచి. "నాకూ కళ్ళున్నాయని చెప్పు," అని పై నుంచి.

గొడవ ఆస్తి గురించి అయితే చెప్పుకోవడానికి కాస్త గౌరవంగానైనా ఉండేది. గొడవ కూర గురించి.

వాళ్ళమ్మ రేవు గేటు పక్కన చిన్న హోటల్ నడిపి ఇద్దరినీ పెంచింది. ఆ హోటల్‌కు పేరు తెచ్చింది లోమో సాల్తాదో. సన్నగా కోసిన గొడ్డు మాంసం, లావుపాటి ఉల్లిపాయ చీలికలు, టమాటాలు, పసుపుపచ్చ మిరపకాయలు, భగభగ మండే మంట మీద ఎగరేసి ఎగరేసి చేసే వేపుడు. తినేవాడు చేతులు కడుక్కుని వచ్చేలోపు కూర పళ్ళెంలో ఉండేది. అమ్మ పోయాక దొమితిలా ఆ నల్లటి ఇనప బాణలి తీసుకుంది. నెలిదా హోటల్ పొయ్యి తీసుకుంది. వెలిగిస్తే వీధి చివరిదాకా హోరు వినిపించే పొయ్యి అది. పంపకం సజావుగా జరిగిందని అందరూ మెచ్చుకున్నారు. ఆ రోజు నుంచీ ఆ ఇంట్లో ఎవరూ సరైన సాల్తాదో తినలేదు.

దొమితిలా పొయ్యి మంట అంతా కలిపి కొవ్వొత్తి పెట్టు. బాణలి ఎంత మంచిదైనా ఆ మంటకు కాగదు. కాగని బాణలిలో మాంసం వేగదు, నీరు వదిలి ఆ నీళ్ళలోనే ఉడుకుతుంది. అమ్మ పోయి ఏడాదైన రోజు చర్చి నుంచి వచ్చిన చుట్టాలందరికీ దొమితిలా అదే వండి పెట్టింది. నెలిదా ఒక ముద్ద తిని, చెంచా కింద పెట్టి, పదిమందిలో అంది. "చారు బాగుందక్కా. సాల్తాదో ఎప్పుడు వడ్డిస్తావ్?"

చుట్టాలు నవ్వారు. దొమితిలా నవ్వలేదు. "నీకు బాణలి దక్కలేదని ఏడుపు," అంది. అంతే, మాటలు ఆగిపోయాయి.

నిజం చెప్పాలంటే దొమితిలాకు చెల్లెలి మీద కోపం ఎప్పుడో చల్లారింది. చల్లారిందని ఒప్పుకునే దారే దొరకలేదు. నెలిదాకు పెళ్ళి కాలేదు. కిటికీ పక్కన మిషన్ వేసుకుని బట్టలు కుడుతుంది, ఒక్కతే తింటుంది. ఆదివారం మధ్యాహ్నం కింద బల్ల మీద పళ్ళెం పెట్టిన చప్పుడు పైకి వినిపించేది. ఒకటే చప్పుడు. ఆ తర్వాత దొమితిలాకు ముద్ద దిగేది కాదు.

ఇలా ఉండగా, ఉత్తరాన పియురా ఊళ్ళో ఉండే ఎవరిస్తో అనే మేనమామ ఫోన్ చేశాడు.

"ఆదివారం వస్తున్నానే అమ్మాయ్. మీ అమ్మ చేసినట్టు సాల్తాదో చేసి పెట్టండి. ఆదివారాలు ఇద్దరూ కలిసే తింటారుగా?"

"కలిసే మామయ్యా. విడిగా ఎప్పుడు తిన్నాం," అంది దొమితిలా. అబద్ధం ఎంత సాఫీగా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యమేసింది.

ఆ వారమంతా దొమితిలా రోజుకోసారి మెట్ల మధ్య దాకా దిగడం, కింది తలుపు వంక చూడటం, ఏదో మర్చిపోయినట్టు నుదురు కొట్టుకుని పైకి రావడం. సెనోన్ చూస్తూనే ఉన్నాడు. శనివారం ఆమె సంతకు వెళ్ళి మంచి మాంసం తెచ్చింది. కిందికి మాత్రం వెళ్ళలేదు.

ఆదివారం మామయ్య సంచీ నిండా నిమ్మకాయలతో దిగాడు. కూర్చోగానే అడిగాడు. "నెలిదా ఏదే?"

"వస్తుంది మామయ్యా. బట్టలు ఇస్త్రీ చేసుకుంటోంది."

కాసేపాగి మళ్ళీ అడిగాడు. ఇంకా ఇస్త్రీయేనని చెప్పింది. "ఏం బట్టలే అవి, తెరచాపలా?" అన్నాడు మామయ్య.

దొమితిలా వంటింట్లోకి తప్పించుకుంది. అన్నం అయింది. ఆలుగడ్డలు వేయించి పక్కన పెట్టింది. ఉల్లిపాయ, టమాటా, మిరపకాయ చీలికలు పళ్ళెంలో సిద్ధం. ఇక మాంసం. బాణలి పొయ్యి మీద పెట్టి నూనె పోసి నిలబడింది. పొగ రావాలి. రాలేదు. ఇంకాసేపు నిలబడింది. ముందుగదిలోంచి మామయ్య నెలిదా పేరు మళ్ళీ ఎత్తడం వినిపించింది. దొమితిలా గాభరాపడి, కొంచెం కొంచెంగా వేయాల్సిన మాంసం మొత్తం ఒక్కసారే కుమ్మరించింది. ఒక్క క్షణం సుయ్యిమంది. తర్వాత ఆ చప్పుడు మెత్తబడి, అంచుల్లో నీళ్ళు ఊరడం మొదలైంది.

మళ్ళీ చారే. మామయ్య ముందు, అమ్మ పేరు చెప్పి, మళ్ళీ చారు. దొమితిలాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. సరిగ్గా అప్పుడే ఆ కాస్త మంటా ఆరిపోయింది.

సెనోన్ గ్లాసుల కోసం వచ్చి, వంటగట్టు కింద ఏదో వెతుకుతూ వంగి ఉన్నాడు. వంగినవాడు వంగినట్టే గ్యాస్ బండ మీద చెయ్యేసి, "అయిపోయింది," అన్నాడు.

"అయిపోవడమేంటి? ఇప్పుడా?"

"దానికి మనింట్లో చుట్టాలున్నారని తెలుసా ఏంటి."

"ఇంకోటి తెప్పించవయ్యా."

"ఆదివారం. గ్యాస్‌వాడు సాయంత్రానికి గానీ రాడు." సెనోన్ లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. గ్లాసులు ఒక్కొక్కటే తీసి తుడిచాడు. తర్వాత ఎవరితోనో అన్నట్టు, "కింద పొయ్యి ఉంది," అన్నాడు.

"సెనోన్."

"ఉందని చెప్పా. అంతే."

దొమితిలా బాణలిలోకి చూసింది. పులుసైతే సాయంత్రం దాకా మూత పెట్టి ఉంచొచ్చు. ఇది ఆగే వంట కాదు. ఇంకాసేపుంటే ఆ మాంసం చెప్పుతోలు అవుతుంది. మామయ్య లేచి వంటింటి వైపు వస్తున్న అలికిడైంది. దొమితిలా కొంగు లాంటి తన పొడుగాటి ఏప్రన్ అంచులతో బాణలి చెవులు రెండూ పట్టుకుని, వెనక తలుపు తీసి, మెట్లు దిగింది. ఈసారి మధ్యలో ఆగడానికి చేతులు ఖాళీ లేవు. తలుపు కాలితో తన్నింది.

నెలిదా తలుపు తీసింది. మెడలో టేపు, నోట్లో రెండు గుండుసూదులు. బాణలిని చూసింది, అక్కను చూసింది, సూదులు తీసి జాకెట్టుకు గుచ్చుకుంది.

"ఏం కావాలండీ?"

"నిప్పు," అంది దొమితిలా.

"లోపలికి దయచేయండి."

లోపల బల్ల మీద ఒక పళ్ళెం. పక్కన ఒక గిన్నెలో వేయించిన ఆలుగడ్డ ముక్కలు, చూస్తే తెలిసిపోతోంది, ఒక్క ఆలుగడ్డ. ఒక్క గుడ్డు. పైనుంచి ఇన్నాళ్ళూ చప్పుడు విన్నది వేరు, ఇలా చూడటం వేరు. దొమితిలా ఆ బల్ల వంక మళ్ళీ చూడలేక పొయ్యి వైపు తిరిగింది.

నెలిదా బాణలిలోకి తొంగిచూసింది. "ఇదేంటండీ?"

"మాంసం."

"ఈదుతోందండీ."

"తెలుసు. వెలిగించు."

నెలిదా వెలిగించలేదు. ముందు జల్లెడ తెచ్చి మాంసం వార్చింది. దిగిన రసాన్ని కప్పులో పట్టి దాచింది. బాణలి తుడిచి అప్పుడు పొయ్యి మీద పెట్టి తిప్పింది. పొయ్యి హోరుమంది. అమ్మ హోటల్ మొత్తం ఆ చప్పుడులో ఉంది. బాణలి నుంచి పొగ లేచింది.

"ఎంత వేశారేంటి ఒకేసారి?"

"గుప్పెడే."

"కిలో గుప్పెడా? ఎవరి గుప్పెడండీ, రేవు హమాలీదా?"

"మాంసానికి మాంసం తగలకూడదనే కదా అమ్మ చెప్పేది. తెలీకేం కాదు. గాభరాలో వేశా," అంది దొమితిలా. ఆమె గుప్పెడు వేసింది. ఈసారి మాంసం అరిచింది. ముక్కల అంచులు ఎర్రబడ్డాయి. తీసి పక్కన పెట్టి ఇంకో గుప్పెడు. గుమ్మం దగ్గర అలికిడైతే చూశారు. కూరగాయల పళ్ళెం, సోయా సాసు సీసా, వెనిగర్ గుమ్మంలో పెట్టి ఉన్నాయి. సెనోన్ అప్పటికే మెట్లెక్కి పోతున్నాడు.

మాంసమంతా మళ్ళీ బాణలిలోకి చేరింది. పైన ఉల్లిపాయ, మిరపకాయ. దొమితిలా బాణలి చెవులు రెండూ పట్టి ఎగరేసింది. నెలిదా వెనిగర్‌ను మాంసం మీద కాకుండా బాణలి అంచున పోసింది. మంట ఒక్క ఉదుటున బాణలిలోకి ఎక్కి, మనిషెత్తు లేచింది.

"అక్కా, జుట్టు," అంది నెలిదా, ఆమె భుజం పట్టి వెనక్కి లాగుతూ.

దొమితిలా విన్నది. నెలిదా కూడా తనన్నది తాను విన్నది. ఇద్దరూ విననట్టే ఉన్నారు. టమాటాలు పడ్డాయి, సోయా సాసు పడింది, దాచిన రసం పడింది. అమ్మ ఎప్పుడు చెయ్యి చాపితే ఎవరు ఏం అందించాలో ఇద్దరి చేతులకూ గుర్తుంది. నోళ్ళకు లేకపోయినా.

"నాదీ బాగా రావట్లేదులే," అంది నెలిదా పొయ్యి వంక చూస్తూ. "అల్యూమినియం మూకుడులో ఈ మంటకి మాడి ఊరుకుంటోంది. నీది చారైతే నాది బొగ్గు."

"మరి పదిమందిలో నన్నెందుకే అలా అన్నావ్?"

"అమ్మ వంట పోయిందని ఏడుపొచ్చింది. ఏడిస్తే బాగోదని అలా అన్నా."

దొమితిలా కొత్తిమీర వేసింది. కావలసినదానికన్నా ఎక్కువే వేసింది. నెలిదా తన గిన్నెలోని ఆలుగడ్డ ముక్కలు తెచ్చి బాణలిలో కుమ్మరించబోయింది.

"ఏయ్, ఆలుగడ్డలు కలపకే. పక్కన పెట్టు. మెత్తబడతాయి."

"మెత్తబడాలే. రసం పీల్చాలి. అమ్మ కలిపేది."

"నాకు పక్కనే పెట్టేది."

"నువ్వు సతాయిస్తావని పెట్టేది."

"మీ గోల పియురా దాకా వినపడుతోందే," అన్నాడు గుమ్మంలో మామయ్య. వాసన పట్టుకుని దిగి వచ్చాడు. వెనక సెనోన్, ఒక చేతిలో అన్నం గిన్నె, ఒక చేతిలో రెండు కుర్చీలు, నెత్తిన దొమితిలా వేయించిన ఆలుగడ్డల పళ్ళెం లేదన్నమాటే గానీ చంకలో ఉంది. "ఇస్త్రీ అయిందా?" అన్నాడు మామయ్య నెలిదాను చూసి. నెలిదాకు అర్థం కాలేదు. "అయింది మామయ్యా," అంది దొమితిలా.

ఆలుగడ్డలు సగం కలిపారు, సగం పక్కన పెట్టారు. మామయ్య మొదటి ముద్ద తిని కళ్ళు మూసుకున్నాడు. రెండో ముద్దకు ముక్కు తుడుచుకున్నాడు. "మిరపకాయ ఘాటు," అన్నాడు. అంత ఘాటేమీ లేదని నలుగురికీ తెలుసు. తర్వాత పళ్ళెం చాపాడు, ఇంకాస్త పెట్టమని.

మామయ్యను బస్సెక్కించి వచ్చాక దొమితిలా వంటగట్టు కింద తుడవబోయి, ఖాళీ బండను కాలితో పక్కకు జరపబోయింది. అది కదల్లేదు. రెండు చేతులతో లాగింది. నిండు బండ. వంగి చూస్తే రెగ్యులేటర్ కట్టేసి ఉంది. ముందుగదిలో సెనోన్ రేడియో పెట్టుకుని, జీవితంలో బండ అనేదే చూడనట్టు కూర్చుని ఉన్నాడు.

దొమితిలా రెగ్యులేటర్ తిప్పింది. పొయ్యి వెలిగించింది. ఆ కొవ్వొత్తి మంట వంక కాసేపు చూసింది. ఆర్పేసింది. ముందుగదిలోకి వెళ్ళి మొగుడి బట్టతల మీద ఒక ముద్దు పెట్టింది. సెనోన్ రేడియో గొంతు ఇంకొంచెం పెంచాడు.

మరుసటి ఆదివారం ఆమె పొయ్యి జోలికే పోలేదు. మాంసం కోసి, బాణలి చేతపట్టి మెట్లు దిగింది. తన్నబోయే లోపే తలుపు తెరుచుకుంది. లోపల పొయ్యి హోరుమంటోంది. బల్ల మీద మూడు పళ్ళేలు.

"మళ్ళీ అయిపోయిందా గ్యాస్?" అంది నెలిదా.

"అయిపోయింది," అంది దొమితిలా.

"మామయ్య వచ్చే ముందు రోజు, శనివారం నువ్వు సంతకెళ్ళినప్పుడు బావ నిండు బండ భుజాన వేసుకుని నా కిటికీ ముందు నుంచే పైకెళ్ళాడు."

దొమితిలా బాణలి పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "అయితే నేను తలుపు తన్నినప్పుడే నీకు తెలుసన్నమాట. చెప్పలేదేం?"

నెలిదా ఆమె చేతుల్లోంచి బాణలి అందుకుని పొయ్యి మీద పెట్టింది.

"చెబితే నువ్వు పైకి వెళ్ళిపోయేదానివిగా."