పైకి పోయే కంప్యూటరు

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. ఊళ్లో సగం కంప్యూటర్లు బాగుచేసే తమ్ముడికి అక్క ఇంటినుంచి కబురు వచ్చింది ఇద్దరు బయటి మెకానిక్‌లు చేతులెత్తేశాకే. అతను ఆ సంగతి మనసులో పెట్టుకున్నాడు గానీ నోటితో అనలేదు.

బావ పద్దెనిమిదేళ్లుగా క్రేన్ నడిపే మనిషి. నాలుగు నెలల కిందట ఈదురుగాలికి హుక్కుకు వేలాడే బరువు ఊగి ఆయన కూర్చున్న క్యాబిన్‌ను గుద్దింది. దెబ్బ తగల్లేదు, భయం తగిలింది. ఇప్పుడు స్టూలెక్కి బల్బు మార్చమన్నా మార్చడు. సోమవారం కంపెనీలో పరీక్ష. పైకెక్కలేకపోతే గేటు దగ్గర కూర్చోబెడతామన్నారు. ఈలోగా అలవాటు చేసుకోమని వాళ్లే కంప్యూటరుతో నడిచే ఓ వీఆర్ హెడ్‌సెట్ ఇచ్చారు. కుర్చీలో కూర్చుని కళ్లకు తగిలించుకుంటే చుట్టూ క్యాబిన్ కనిపిస్తుంది, ఒక్కో అంతస్తూ పైకి లేస్తుంది. ఏడో అంతస్తు దగ్గర కంప్యూటరు టక్కున ఆరిపోతుంది.

"నేను పైకి పోగానే ఇదీ పైకి పోతోంది," అన్నాడు బావ.

అక్క నవ్వలేదు. "రెండు రోజులే ఉన్నాయి తమ్ముడూ. గేటు దగ్గర కూర్చోబెడితే ఈయన మనిషి కాడు," అంది.

తమ్ముడు స్క్రీన్ చూశాడు. "డ్రైవర్ పాతబడింది బావా, మార్చాలి."

"ఆ పని సోమవారం కంపెనీవాళ్లు చేస్తార్లే."

తమ్ముడు ఆ డ్రైవర్ సాఫ్ట్‌వేర్ మార్చాడు. ఫ్యాన్‌లో దుమ్ము దులిపాడు. కేబుల్ మార్చాడు. తనే హెడ్‌సెట్ తగిలించుకుని ఇరవై అంతస్తులెక్కి వచ్చాడు. కంప్యూటరు నిక్షేపంలా ఉంది. బావ పెట్టుకున్నాడు. ఏడో అంతస్తులో ఆరిపోయింది.

ఈసారి తమ్ముడు స్క్రీన్ వదిలేసి బావను చూశాడు. ఆరో అంతస్తుదాకా మనిషి కదల్లేదు. ఏడులో కుడికాలు ముందుకు జారి, బల్లకింద దేన్నో గట్టిగా తొక్కింది. అక్కడున్నది కరెంటు ఎక్స్‌టెన్షన్ బాక్సు. దాని ఎర్ర స్విచ్ సరిగ్గా మడమ కింద ఉంది. చంకలో పిల్లాణ్ని పెట్టుకుని ఊరంతా వెతికినందుకు తమ్ముడికి సిగ్గేసింది.

"బావా, క్యాబిన్‌లో నీ కుడికాలి కింద ఏముంటుంది?"

"బ్రేకు. ఎందుకు?"

తమ్ముడు బల్లకింద దూరాడు. బాక్సు తీసి బల్లమీద పెట్టి, "మళ్లీ పెట్టుకో," అన్నాడు.

ఏడో అంతస్తు వచ్చింది. కాలు వట్టి నేలమీద ఆ స్విచ్ కోసం తడుముకుంది. దొరకలేదు. ఎనిమిది. తొమ్మిది. బావ మెడమీద చెమట పట్టింది.

"ఆరలేదేంట్రా?"

"ఇక ఆరదు బావా. ఈసారి నువ్వే దిగాలి."

బావ రెండు చేతులతో కుర్చీని గట్టిగా పట్టుకున్నాడు. కాలు ఇంకా తడుముతూనే ఉంది. తమ్ముడికి జాలేసింది, బాక్సు మళ్లీ కింద పెట్టేద్దామా అనిపించింది. పెట్టలేదు. కాసేపటికి కాలు నేలకు ఆనింది. బావ మెల్లగా తల వంచి కిందికి చూశాడు.

"ఆ ఇసుక లారీవాడెవడు, సరిగ్గా హుక్కు కింద ఆపాడు? వాణ్ని ముందు తియ్యమను," అన్నాడు.

అక్క కింద నిలబడ్డ కూలీలా గొంతు పెంచింది.

"తీసేశాడండీ," అంది.