ప్లమ్ చెట్టు కింద కుర్చీ

ఓటేసే బల్లలు మూడింటికీ గుర్తు పెట్టే పెన్సిళ్ళు కట్టడం అయింది. క్లెమ్ హాబ్డే ఒక్కో దారాన్నీ లాగి చూశాడు. జారితే పెన్సిల్ నేలకు తగలకూడదు, ఎడమచేతివాటం వాళ్ళకు అందకుండానూ పోకూడదు. ఆష్‌కోంబ్ ఊరి హాలుకు ముప్పై ఒక్క ఏళ్ళుగా కాపలా కాసేదీ, తుడిచేదీ, కుర్చీలు వేసేదీ, టీ కాచేదీ అతనే. అరవై తొమ్మిదేళ్ళు. పొడుగు మనిషి, నడుము కాస్త వంగింది, వేళ్ళ కణుపులు వాచి ఉంటాయి. ఎవరైనా ఎదురుపడితే ముందు తనే పక్కకు తప్పుకుంటాడు, దారి ఎంత వెడల్పున్నా సరే.

పొద్దున ఏడింటికి జనం రావడం మొదలైంది. ఊరి ప్రణాళిక ఊరివాళ్ళే రాసుకున్నారు. అది ఖాయం కావాలంటే ఇవాళ అవునో కాదో వాళ్ళే చెప్పాలి. నాలుగేళ్ళ పని. ఇళ్ళు ఎక్కడ కట్టనివ్వాలి, ఏ పచ్చిక జోలికి పోకూడదు, బస్సు ఎక్కడ ఆగాలి, అన్నీ ఈ హాల్లోనే తేల్చారు. ఎనభై ఆరు మీటింగులు. ప్రతిదానికీ నలభై కుర్చీలు క్లెమ్ వేశాడు, క్లెమ్ తీశాడు. మధ్యలో వంటగదిలో నిలబడి నీళ్ళు మరిగే చప్పుడు వినేవాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. రావద్దనీ అనలేదు లెండి.

ఆ ప్రణాళిక ప్రకారం హాలు వెనక, ప్లమ్ చెట్టున్న జాగాలో ఆరు ఇళ్ళు వస్తాయి. అది ఎవరూ వాడని స్థలమట. ఆ మాట ఊరికే రాయలేదు. ప్రణాళిక కమిటీ వాళ్ళు మూడు శనివారాలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా అక్కడ కూర్చుని, వచ్చేవాళ్ళను లెక్కపెట్టారు. ఒక్కరూ రాలేదు.

క్లెమ్ అక్కడ పంతొమ్మిదేళ్ళుగా మధ్యాహ్నం భోజనం చేస్తున్నాడు. మొదటి పదమూడేళ్ళు భార్య ఆల్వెన్‌తో. చెట్టు ఆమె నాటిందే. రెండు కుర్చీలుండేవి. ఆమె పోయాక ఖాళీ కుర్చీ పక్కన తినలేక దాన్ని లోపల పెట్టేశాడు. గడ్డిలో దాని కాళ్ళ గుంటలు మాత్రం మిగిలాయి. వాటిని పూడ్చడానికి చెయ్యి రాలేదు.

కాదంటే ఊరి పిల్లలకు ఇళ్ళుండవు. అవునంటే చెట్టుండదు. పొద్దున్నుంచీ ఓటరు కార్డు జేబులోనే ఉంది.

ఒంటిగంటకు అతను చీజ్ పెట్టిన బ్రెడ్డు పొట్లం విప్పుతుంటే కమిటీ పెద్ద హెస్టర్ వెతుక్కుంటూ చెట్టు దగ్గరికి వచ్చింది. రిటైరైన టీచరు. గొంతు ఇప్పటికీ చివరి బెంచీ దాకా వినబడుతుంది.

"ఇక్కడున్నావా! ఊరంతా వేస్తోంది, నువ్వు మాత్రం ఓటెయ్యలేదట. లోపల ఆఫీసరమ్మ చెప్పింది."

"వేస్తానండీ. రాత్రి పదింటిదాకా టైముందిగా."

"ఎప్పుడూ ఇక్కడే తింటావా?"

"రోజూనండీ."

"రోజూనా? మరి మేం లెక్కపెట్టినప్పుడు ఏమైపోయావ్?"

క్లెమ్ బ్రెడ్డు మళ్ళీ కాగితంలో పెట్టాడు. "మీరొస్తున్నారని గడ్డి కోసి, కుర్చీ లోపల పెట్టేశానండీ. మీకు అడ్డమెందుకని. ఆ మూడ్రోజులూ వంటగదిలో తిన్నా."

"ఓరి దేవుడా! ఇంటింటికీ ఫారాలు పంచాం కదయ్యా, అందులోనైనా రాయొచ్చుగా?"

"అవి ఊళ్ళోవాళ్ళకి కదండీ. నేను హాలు పనివాణ్ణి."

"మరి నువ్వు ఏ ఊరివాడివి?"

అతను తలెత్తి చెట్టుకేసి చూశాడు. "పిల్లలకి ఇళ్ళు కావాల్సిందే లెండి. ఆ చెట్టొక్కటీ ఉంచితే బావుండేది" అన్నాడు. ఇన్నేళ్ళలో అతను ఫలానాది కావాలని నోరు తెరవడం అదే మొదటిసారి.

హెస్టర్ ముఖం ఎర్రబడింది. "ఏ ఇల్లు ఎక్కడో ఇంకా గీయలేదు. నాలుగింటికి కాగితాలు పట్టుకొస్తా, కూర్చుని మాట్లాడుకుందాం. ఎక్కడికీ పోకు."

"నేనెక్కడికి పోతానండీ."

అన్నట్టే నాలుగింటికి వచ్చింది. హాల్లోంచి ఒక కుర్చీ తనే మోసుకొచ్చి అతని పక్కన వేసింది. దాని కాళ్ళు నాలుగూ పాత గుంటల్లోకి కుదురుగా దిగాయి. ఆమె అది గమనించలేదు. కాగితం పరిచి, "ఇదిగో, చెట్టు ఇక్కడ" అని వేలు పెట్టి చూపించింది. క్లెమ్ చూడలేదు. గడ్డం రొమ్ము మీదికి వాలి ఉంది. ఒళ్ళో టీకప్పు ఒలకలేదు, చల్లారిపోయింది.

ఓటింగు మధ్యలో ఆపడానికి చట్టం ఒప్పుకోదు. అతన్ని వెనక గేటు నుంచి తీసుకెళ్ళారు. ముందు గుమ్మంలో జనం వరసగా నిలబడి, అతను కట్టిన పెన్సిళ్ళతో ఓట్లు వేస్తూనే ఉన్నారు. ఓటరు కార్డు అతని జేబులోనే వెళ్ళిపోయింది. ప్రణాళిక ఆరువందల పన్నెండు ఓట్లతో గెలిచింది. వద్దన్నవాళ్ళు తొంభై ఎనిమిది మంది.

కాగితం మీద చెట్టు చుట్టూ హెస్టర్ గీసిన సున్నా నిలుస్తుందో లేదో తేల్చడానికి మరుసటి నెల మళ్ళీ మీటింగు పెట్టారు. కుర్చీలు ఎవరికి వారే వేసుకోవాల్సి వచ్చింది. నలభై ఉండాల్సినవి ముప్పై తొమ్మిదే తేలాయి. నలభయ్యోది వెనక ఉందని హెస్టర్‌కు తెలుసు, కానీ తేనివ్వలేదు, తను నిలబడే మాట్లాడింది. అది ప్లమ్ చెట్టు కింద, క్లెమ్ కుర్చీ పక్కన, ఆ పాత గుంటల్లోనే ఉంది.