ఇరవై నాలుగు సెకన్లు

సెయింట్ వాల్బర్గా కాలేజీలో ఉన్నదే ఆరువందల మంది. అందులో సగం ఏదో ఒక ఆట కోసం వచ్చినవాళ్ళే. ఆట ఆశ చూపకపోతే అమెరికాలో ఈ అయొవా మొక్కజొన్న చేల మధ్యకు ఎవరొచ్చి చదువుతారు? అందుకే అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టులోకి ఏకంగా ముప్పైమందిని పోగేశారు. కోర్టులో ఆడేది మాత్రం ఐదుగురే.

లొరెట్టా బ్రూనర్ ఆ మిగతా పాతికమందిలో ఒకతె. నాలుగేళ్ళుగా తెల్లారకముందే లేచి సాధన చేసింది, బెంచీ మీద కూర్చుని గొంతు పోయేలా అరిచింది, అలసి వచ్చినవాళ్ళకు తువ్వాళ్ళు అందించింది. ఒక్క ఆటలోనూ కోర్టులో కాలు పెట్టలేదు. పాల ఫ్యాక్టరీలో పనిచేసే ఆమె తండ్రి రే మాత్రం ఇక్కడ జరిగిన ఏ ఆటా వదల్లేదు. కాలేజీ పెట్టిన క్రైస్తవ సిస్టర్లలో మిగిలిన ఒకే ఒక్క మనిషి, ముసలి ఒటిలియా, ఆయన పక్కనే కూర్చునేది.

"మీ పిల్లను ఎప్పుడు లేపుతారయ్యా?" అనేది ఆవిడ. "పూజలో మేమైనా మధ్యమధ్య లేచి నిలబడతాం కదా."

ఇవాళ సొంత గడ్డ మీద చివరి ఆట. ఆఖరి ఏడాది పిల్లలకు పువ్విచ్చి, ఫొటో తీసి, మొదటి రెండు నిమిషాలూ వాళ్ళనే ఆడించడం ఆనవాయితీ. పొద్దున పూజ అయ్యాక కోచ్ డెనిస్ లొరెట్టాను చర్చి గుమ్మంలో ఆపింది.

"ఇది గెలిస్తేనే టోర్నమెంటుకు వెళ్తాం. నువ్వు పువ్వు తీసుకో, ఫొటో దిగు, వచ్చి కూర్చో."

"రెండు నిమిషాలే కదా, కోచ్."

"రెండు నిమిషాల్లో ఆరు పాయింట్లు పోతాయి. జట్టు మేలు కోరే పిల్లవి, నీకు నేను చెప్పాలా?"

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే. లొరెట్టాకు ఒళ్ళు మండింది. మంచిపిల్ల అని పేరు పెట్టి నాలుగేళ్ళుగా నోరు నొక్కుతున్నారు. తండ్రికి ఏం చెప్పాలో తోచక ఏమీ చెప్పలేదు.

పువ్వు తీసుకుంది, ఫొటో దిగింది, కూర్చుంది. జట్టు పది పాయింట్లు ముందుంది, తర్వాత ఇరవై. అయినా పిలుపు లేదు. ఇంకా ఇరవై నాలుగు సెకన్లు ఉన్నాయనగా డెనిస్ ఇటు తిరిగింది.

"లొరెట్టా, వెళ్ళు."

వట్టి కంటితుడుపు. వెళ్ళనందామనుకుంది. పైన మెట్ల మీద రే ఫోను తీస్తూ గబగబా లేచి నిలబడ్డాడు. వెళ్ళింది.

బంతి తమ చేతిలోనే ఉంది. గెలుపు ఖాయమయ్యాక ఇక బుట్టలో వేయకూడదు, వేస్తే ఓడినవాళ్ళను అవమానించినట్టే. జట్టులో బంతి నడిపే బ్రిజెట్ మధ్యలో నిలబడి తాపీగా బంతిని నేలకు కొడుతోంది.

"బ్రిజెట్, ఇటివ్వు."

"ఆట అయిపోయిందే, ఊరుకో."

"నాకు మొదలే కాలేదు. ఇవ్వవే."

బ్రిజెట్ నవ్వి తల అడ్డంగా ఊపింది. ఎనిమిది సెకన్లు. లొరెట్టా ఉరికి, సొంత జట్టు పిల్ల చేతిలోంచే బంతి లాక్కుని, బుట్ట కిందికి పరుగెత్తి వేసింది. రింగు అంచుకు తగిలి బయటపడింది. గంట మోగింది.

హాలంతా ఛీకొట్టింది. అవతలి కోచ్ చేయి కలపకుండానే వెళ్ళిపోయాడు.

"ఎవరైనా ఇలా చేస్తారా?" డెనిస్ మొహం కందగడ్డలా ఉంది. "కాలేజీ పరువు తీశావు."

"నాలుగేళ్ళు అక్కడే కూర్చుంటే మీ కంటికి ఆనలేదు కోచ్. ఇప్పుడు కనబడ్డానా?"

రే మెట్లు దిగి వచ్చాడు. "కొద్దిలో తప్పింది తల్లీ," అన్నాడు.

ఆమెకు సిగ్గు వేయలేదు, ఏడుపూ రాలేదు. సాధనలో వేలసార్లు పడిన బంతి ఇవాళే పడలేదని పట్టరాని కోపం వచ్చింది.

"మోకాళ్ళు వంచలేదు నాన్నా," అంది. "తొందరలో మోకాళ్ళు వంచడమే మర్చిపోయాను."