తెలుగు ఒకటి

ఎనభై ఒకటిలో గ్లోరీ వచ్చేదాకా మదనపల్లెలో మా ఆస్పత్రి రికార్డు గదిలో సత్యానందం మాటే మాట. ఆ సత్యానందాన్ని నేనే, పద్దెనిమిదేళ్ల సర్వీసు. ఈ కుప్పం పిల్ల రాయవేలూరులో ఆర్నెల్లు ట్రైనింగై, జబ్బుకో అంకె వేసే కొత్త కోడు పుస్తకం చంకన పెట్టుకుని దిగింది. అందులో కుష్ఠుకు 030. ఆ జాతివే వేరే క్రిములు తెచ్చే జబ్బులకు 031. డాక్టరమ్మ రోజూ ఆ పిల్లను పొగుడుతుంటే నా కడుపు మండిపోయేది.

ఒకరోజు గ్లోరీ మెల్లగా అడిగింది, కేసు షీట్ల మీద తెలుగు అంకెలు మానేసి ఇంగ్లీషువి వేయమని. మా నాన్న వేలు పట్టి దిద్దించిన అంకెలవి! నిన్నగాక మొన్న వచ్చింది నాకు ఓనమాలు నేర్పుతుందా? పంతం పట్టి తెలుగులోనే వేశాను.

ఆ నెలలో పుంగనూరు దగ్గరి పల్లె నుంచి మునిరత్నమ్మ వచ్చింది. ముంజేతి మీద మానని పుండు. క్షయ కాదు, కుష్ఠు కాదు, 031 అని తేలింది. మందులిచ్చి పంపారు. వారం తర్వాత గ్లోరీ రాసే రిజిస్టరులో ఆమె పేరుకెదురుగా 030 కనబడింది. ఎంత సంబరపడ్డానో! చెబితే అప్పుడే దిద్దేది. చెప్పలేదు. నెలాఖరు మీటింగులో అందరి ముందూ దాని పొగరు అణచాలనుకున్నాను. 030 పడిన ప్రతి పేరూ పుంగనూరులోని కుష్ఠు నివారణ ఉద్యోగికి వెళుతుందని నాకు తెలుసు. తెలిసే నోరు మూసుకున్నాను.

మీటింగు రోజు పొద్దున్నే మునిరత్నమ్మ మొగుడితో కలిసి వచ్చింది. ఉద్యోగి వాళ్ల ఇంటికెళ్లి అందరూ వినేలా ఆమె పేరు పెట్టి అడిగాడట. పెద్దరోగమని అత్త ఆమె కంచం, చాప పశువుల కొట్టంలో పడేసిందట. చంటిబిడ్డను దగ్గరికి రానివ్వడం లేదట.

డాక్టరమ్మ ఎవరు రాశారని అడిగారు. నేను రిజిస్టరు విప్పి గ్లోరీ రాసిన అంకె మీద వేలు పెట్టాను. గ్లోరీ కేసు షీటు తెచ్చి బల్ల మీద పెట్టింది. దాని మీద నా చేత్తో రాసిన ౦౩౧. నోరు విడిచి ఉండాల్సిన తెలుగు ఒకటి, తొందరలో మూసుకుపోయి ఇంకో సున్నా అయింది.

"దీన్ని సూసే రాసినానమ్మా," అంది.

ఈ తప్పు నీ కంట ఎప్పుడు పడిందని డాక్టరమ్మ నన్నడిగారు. అబద్ధం నోటికి రాలేదు. పదిహేను రోజులైందన్నాను.

కాగితం రాయమన్నారు. ఇంగ్లీషు అంకెల్లో 031 వేసి, ఇది పెద్దరోగం కాదు, ఒకరి నుంచి ఒకరికి అంటదు అని రాశాను. డాక్టరమ్మ సంతకం చేశాక మునిరత్నమ్మకు ఇచ్చాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పింది.

"మా అత్తకు సదువు రాదప్పా. నువ్వొచ్చి ఆయమ్మ ముందర నా కంచంలో తింటావా?"

అంటదని రాసిన చెయ్యి నాదే. అయినా ఆ చేత్తోనే రిజిస్టరు మూసి బీరువా వైపు తిరిగాను.

"నేనొస్తా పదక్కా," అంది గ్లోరీ.

ముగ్గురూ పుంగనూరు బస్సెక్కారు. ఆ రోజు కూడా నాకు ఆ పిల్ల మీద అసూయే కలిగింది.